రాళ్ళమ్మ పరిచిన నేల

మహలు గేటుకి ఎదురుగా,
బేకరీ మేడ మీది గది,
మంగళవారం.

అత్తయ్యకి,

నిలబడి చదువుతుంటే ముందు కూర్చో. మన మహల్లో పెళ్ళి.

"మన" అన్నందుకు నవ్వకు. ముప్పై ఏళ్ళు నువ్వూ, నాలుగు నెలలుగా నేనూ ఆ ఇల్లు జనానికి చూపిస్తున్నాం. ఏ మెట్టు కిర్రుమంటుందో అందులో పుట్టినవాళ్ళకంటే మనకే బాగా తెలుసు. పెళ్ళి దొరగారి అమ్మాయిది. ఇంకా ఆరు వారాలుంది, ఊరు మాత్రం అప్పుడే కాలు ఒకచోట నిలపడం లేదు. గేటుకి రంగు, దీపస్తంభాలకి రంగు, గేటు ముందు పడుకునే కుక్కకి స్నానం. కింది బేకరీ ఆవిడ నా గది కిటికీలోంచి అతిథుల్ని చూడొచ్చని ఇప్పటికి పదకొండుమందికి మాటిచ్చేసింది. నన్ను అడగలేదు. కిటికీ వెడల్పు రెండడుగులు.

ఇక నా గోడు. పెళ్ళికి వారం ముందునుంచే అతిథులు దిగుతారట. వాళ్ళకి మహలూ ఊరూ తిప్పి చూపించడానికి మూడు గుంపులు చేశారు. మొదటి గుంపు దొరలూ దొరసానులూ. రెండోది దూరపు చుట్టాలు. ఈ రెండూ మన సీనియర్ గైడ్లిద్దరికీ ఇచ్చారు. మూడోది అతిథులతో వచ్చే డ్రైవర్లు, ఆయాలు, వంటవాళ్ళు, బ్యాండువాళ్ళు. అది నాకు. ఎందుకండీ అని అడిగితే కొలబద్ద పైనుంచి కిందికి చూసి, "అక్కడైతే నువ్వు తప్పు చేసినా చూసేవాళ్ళుండరు" అన్నాడు. కొలబద్ద అంటే మా మేనేజరు, నువ్వున్నప్పుడు చివర్లో వచ్చాడే, ఆయనే. ఏ గదిలో ఎన్ని నిమిషాలు మాట్లాడాలో కూడా కొలిచి రాసిస్తాడు కాబట్టి ఆ పేరు పెట్టాం. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆరు నెలల ట్రయలు పెళ్ళైన వారానికి ముగుస్తుంది. గైడు ఇత్తడి బిళ్ళ నాకు ఉంచాలా లాక్కోవాలా అన్నది ఆయన రిపోర్టు మీదే ఉంది. అందుకని నోరు మూసుకున్నాను.

ఆయనిచ్చిన కొత్త పాఠం పద్నాలుగు పేజీలు. ఇన్నాళ్ళూ సీనియర్లే చూపించిన చేపల హాలుకి నాలుగు నిమిషాలు. "రంగురాళ్ళతో చేపలు పేర్చిన నేల, ఫలకం మీద పేరున్న వాస్తుశిల్పి రూపకల్పన. ఒక చేపకి ఎర్రకన్ను ఉండటం తర్వాతి మరమ్మతులో జరిగిన పొరపాటు." అంతే. మన తాతమ్మ మాటే లేదు.

చిన్నప్పుడు నీ ఒళ్ళో కూర్చుని ఎన్నిసార్లు విన్నానో. మేస్త్రీ తాతయ్య పరంజా మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, మిగిలిన నేలంతా తాతమ్మే రెండున్నరేళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని పరిచిందని, అందుకే అందరూ ఆమెని రాళ్ళమ్మ అన్నారని. నూట నలభై చేపలకీ నల్లకళ్ళు పెట్టి ఒక్కదానికి మాత్రం ఎర్రకన్ను ఉంచిందని, ఆ రాయి ఆ ఇంటి చిన్నపాప తాతమ్మ పక్కన కూర్చుని తన చేత్తో పెట్టిందని. నువ్వు జనానికి కూడా అదే చెప్పేదానివి కదా. మరి కాగితంలో ఎందుకు లేదు? నేను చెప్పనా?

డ్రైవర్లతో ఎలా మాట్లాడాలో కూడా రాయి. 

నీ మేనకోడలు

*

సముద్రపు ఒడ్డు,
మీ బాబాయి ఇల్లు,
ఆదివారం.

ఒసేయ్ బుడంకాయా,

డ్రైవర్ల గుంపు ఇచ్చారని మూతి ముడుచుకున్నావా? నన్నడిగితే నేను కావాలని అడిగి తీసుకునేదాన్ని. దొరలు పైకప్పు చూసి బాగుంది అంటారు. డ్రైవరు అది పడిపోకుండా ఎలా నిలబడిందని అడుగుతాడు. ఆయాలు దుమ్ము ఎక్కడ మిగిలిందో చూస్తారు, ఆ చూపులోనే గదంతా చూసేస్తారు. బ్యాండువాళ్ళని మాత్రం సంగీతం గదిలోకి చివర తీసుకెళ్ళు. ముందే తీసుకెళ్తే అక్కణ్ణుంచి కదలరు.

వీపు చూపించకు. వెనక్కి నడుస్తూ మాట్లాడాలి, కళ్ళు వాళ్ళ మొహాల మీద ఉండాలి, దారి సంగతి కాళ్ళకి వదిలెయ్యాలి. పెద్దమెట్లు ఇరవై రెండు, మలుపు తర్వాత తొమ్మిది. తలుపు వచ్చిందనడానికి మడమే గుర్తు. మడమ చెక్కకి తగిలితే ఆగు, తిరుగు, తలుపు తియ్యి. నీకు ఎనిమిదేళ్ళప్పుడు మన ఇంటి వరండాలో నేర్పాను, నీళ్ళ బిందెలో పడి ఏడ్చావు. ఇప్పుడు పడవులే.

పెళ్ళికి ఎవరెవరు వచ్చారో, ఏమేం కట్టుకున్నారో ఒక్కటి వదలకుండా రాయి. మీ పిన్ని కూడా వింటానంటోంది.

రాళ్ళమ్మ సంగతి అడిగావు. చెప్పొద్దు. కాగితంలో ఏముందో అదే చెప్పు. మా నాయనమ్మ ముసలితనంలో ఏవేవో కబుర్లు చెప్పేది, నేనూ వయసు వేడిలో వాటిని నలుగురికీ చెప్పాను. మరమ్మతులో పొరపాటే అయ్యుంటుంది. నా మోకాళ్ళ నొప్పులతో ఉద్యోగం మానేశాక వాటి గురించి ఆలోచించడం కూడా మానేశాను. నీ బిళ్ళ నీకు ముఖ్యం. ఈ విషయం మళ్ళీ ఎత్తకు.

అత్త

*

బేకరీ మేడ మీది గది,
గురువారం.

అత్తయ్యకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటి పేజీ నువ్వే రాశావు. రెండో పేజీ ఎవరు రాశారో నాకు తెలియలేదు. అడగాలా వద్దా అనుకుంటూనే అయిదు వారాలు గడిపేశాను. ఈలోపు అతిథులు దిగారు, ఇవాళ నా కొంప మునిగింది. వరసగా చెప్తాను.

ముందు అతిథులు, నువ్వు వాళ్ళనే ముందు వెతుక్కుంటావని తెలుసు. నిన్న పొద్దున్నుంచీ వీధి నిండా జనం. ఒకావిడ టోపీ ఎంత పెద్దదంటే, కారులో ఇద్దరికీ చోటు చాలక టోపీ వెనక కారులో వచ్చింది. ఛాతీనిండా పతకాలున్న ఒక పెద్దమనిషి నిద్రపోతూ వచ్చాడు, గేటు దగ్గర డ్రైవరు హారను కొట్టి లేపాడు, దిగుతూనే ఆలస్యమైందని ఆయనే డ్రైవర్ని కోప్పడ్డాడు. ఇద్దరు అన్నదమ్ములు ఒకే కారులో చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ వచ్చారు. ఇరవై ఏళ్ళుగా మాటల్లేవట, కోట్లు మాత్రం ఒకే గుడ్డతో కుట్టించుకున్నారు. అందరికంటే చివర ఒక అద్దె కారులో చేతికర్రతో ఒక ముసలావిడ, ఒక్క సంచీతో దిగింది. ఆమె వెనక ఇంకేదైనా పెద్ద కారు వస్తుందేమోనని జనం మెడలు సాచి చూశారు. ఏదో పాత ఆయా అయ్యుంటుందని బేకరీ ఆవిడ తేల్చేసింది.

ఇవాళ పది గంటలకి నా గుంపు. ఇరవై ఆరుమంది. నువ్వన్నట్టే, పైకప్పు ఎలా నిలబడిందని మొదటి గదిలోనే ఒక డ్రైవరు అడిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నిన్నటి ముసలావిడ కూడా నా గుంపులోనే ఉంది, ఆయాల మధ్య నిలబడి బుద్ధిగా వింటోంది. మొదటి గుంపు తోటలో టీ తాగుతోందని నవ్వులు వినపడుతున్నాయి. మాకు టీ లేదు, కానీ నా గుంపులో ఒక్కళ్ళు ఆవులించలేదు.

పొడుగు వసారాలోంచి చేపల హాలు వైపు వెనక్కి నడుస్తున్నాను. నేలమీద అంచు రాళ్ళు చూసి ఒక వంటావిడ, "ఎవరో గానీ పిండిముద్దలు పేర్చినట్టు పేర్చారమ్మా, ఎవరు వేశారు?" అని అడిగింది. నాకు పద్నాలుగు పేజీలూ కంఠతా వచ్చు. నోరు తెరిస్తే అవి రాలేదు. తాతమ్మ వచ్చింది. పరంజా, విరిగిన చెయ్యి, రెండున్నరేళ్ళు, అన్నీ చెప్పుకుంటూ పోయాను. నా మొహంలో ఏం కనపడిందో గానీ వాళ్ళంతా దగ్గరికి జరిగారు.

ఆ హాలు తలుపులు ఆ వేళప్పుడు మూసే ఉంటాయి కదా. ఇవాళ పూలతొట్లు మోసుకెళ్ళడానికి రెండు రెక్కలూ బార్లా తీసిపెట్టారట. నా మడమకి ఏమీ తగల్లేదు, నేను ఆగలేదు. "ఫలకం మీద పేరు కాగితం మీద గీత గీసినాయనది, ఈ నేల మీద మోకాళ్ళు అరగదీసుకున్నది మాత్రం రాళ్ళమ్మ" అని మూడు గదులకి వినపడేలా చెప్తూ వెళ్ళివెళ్ళి, హాలు నడిమధ్య ఒక పూలతొట్టిలో కూర్చున్నాను. తలెత్తితే ఫోటోగ్రాఫరు, పూలవాళ్ళు, వాళ్ళ మధ్య కొలబద్ద.

నా గుంపు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నా గుంపులోంచి ఆ ముసలావిడ మాత్రం కర్ర టకటకలాడించుకుంటూ మూడో కిటికీ కిందికి నేరుగా వెళ్ళి, ఎర్రకంటి చేప దగ్గర ఆగింది. నేనింకా అది ఎక్కడుందో చెప్పనేలేదు. ఎప్పుడో వచ్చి చూసి ఉంటుంది. కొలబద్ద ఆమె దగ్గరికి వెళ్ళి, "ఇది మీరు తిరిగే చోటు కాదమ్మా, మీ వాళ్ళతో బయటికి నడవండి" అన్నాడు. ఆమె ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి నడిచింది.

తర్వాత నా వంతు. అందరి ముందూ బిళ్ళ తీసెయ్యమన్నాడు. తీశాను. "మీ అత్తదీ ఇదే జబ్బు. ఆవిడ చివరికి దారికొచ్చి సంతకం పెట్టింది. నువ్వు ఆ అవసరం కూడా లేకుండానే పోతున్నావు" అన్నాడు.

ఏ సంతకం అత్తయ్యా?

నేను ఏడవలేదు. నువ్వు చెప్పాల్సింది ఏదో ఉంది, అది చెప్పు.

నీ మేనకోడలు

*

మీ బాబాయి ఇల్లు,
శనివారం.

బుడంకాయా,

ఏడవలేదని రాశావు. మరి కాగితం మీద సిరా రెండుచోట్ల ఎందుకు పాకింది?

నా మోకాళ్ళకి ఏ నొప్పీ లేదు. రోజూ పొద్దున్నే ఒడ్డు వెంట లైట్‌హౌసు దాకా నడిచి వస్తాను. నీకు అబద్ధం చెప్పాను, మీ బాబాయికీ చెప్పాను. నిజం ఇవాళ నీకే మొదట చెప్తున్నాను.

నాలుగేళ్ళ కిందట మీ కొలబద్ద కొత్తగా వచ్చిన నెలలోనే నన్ను పిలిచాడు. దొరల ఇంటి ఆడపిల్ల ఒక కూలిమనిషి పక్కన నేలమీద కూర్చుందని ఊరందరికీ చెప్పడం ఆ ఇంటికి అవమానం అన్నాడు. సాక్ష్యం ఏముందన్నాడు. మా నాయనమ్మ చెప్పింది అన్నాను. నవ్వాడు. టైపు చేసిన కాగితం ముందు పెట్టాడు. "రాళ్ళమ్మ అనే మనిషి కథ నా సొంత కల్పన" అని. మూడు రోజులు పెట్టనన్నాను. నాలుగో రోజు, "మీ మేనకోడలు గైడు పరీక్షకి చదువుతోందట కదా. మీ ఇంటినుంచి ఇంకొకళ్ళు ఈ గేటు దాటాలా వద్దా, మీరే చెప్పండి" అన్నాడు.

పెట్టేశాను. ఆ మర్నాటినుంచి మళ్ళీ ఆ హాల్లో అడుగుపెట్టి ఆ నేల మీద నడవడానికి నాకు కాళ్ళు రాలేదు, అందుకే మోకాళ్ళని చెప్పి వచ్చేశాను.

మా నాయనమ్మ వేళ్ళు చివర్లో ముడుచుకుపోయి చెంచా కూడా పట్టుకోలేకపోయేది. నేనే తినిపించేదాన్ని. ఆ చేతుల్ని పట్టుకుని పెరిగినదాన్ని, ఆమె లేనేలేదని సంతకం చేశాను. ఆమెని ఇచ్చి నీ బిళ్ళ తెచ్చాను. ఇప్పుడు ఆమె మాట చెప్పి నువ్వు ఆ బిళ్ళ పోగొట్టుకున్నావు. నాకు కోపం రావాలి. రాలేదు. ఉత్తరం చదివి లేచి నిలబడ్డాను. మీ పిన్ని కంగారుపడి ఏమైందంది. మా పిల్ల నిజం చెప్పిందే అన్నాను.

ఆయన కాళ్ళు పట్టుకోవడానికి వెళ్ళకు. వెళ్ళావని తెలిస్తే నీతో మాట్లాడను. పెళ్ళిరోజు మంచి బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని వీధిలో నిలబడి చూడు. వీధి ఎవడబ్బ సొత్తూ కాదు. తర్వాత ఇక్కడికి వచ్చెయ్యి. ఏదో ఒక పని చూసుకుందాం.

నన్ను క్షమించమని అడగను. నువ్వే ఆలోచించుకో.

అత్త

*

బేకరీ మేడ మీది గది,
పెళ్ళైన మర్నాడు.

అత్తయ్యా,

ఈ కవరులో రెండు కాగితాలున్నాయి. మడతపెట్టిన రెండోది ఇప్పుడే విప్పకు. ఆగలేవని తెలుసు, అయినా ఆగు.

నువ్వు చెప్పినట్టే నీలం బట్టలు కట్టుకుని బేకరీ మెట్ల మీద నిలబడ్డాను. కార్లు వరసగా ఊరంతా ఒక చుట్టు తిరిగి జనానికి చెయ్యూపుతూ గేటు వైపు వస్తున్నాయి. నా పక్కనున్న పంతులమ్మ ఆ పతకాలాయన ఎవరంది. చెప్పాను. ఆ టోపీ కథేమిటని ఇంకెవరో అడిగారు. చెప్పాను. కాసేపటికి చూసుకుంటే నేను కార్లకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి, మెట్టు మెట్టు వెనక్కి దిగుతూ గైడు పని చేసేస్తున్నాను. యాభైమంది వింటున్నారు. బిళ్ళ పోయినా రోగం పోలేదు.

ఇంతలో జనం కళ్ళు నా భుజం మీదుగా వెనక్కి వెళ్ళాయి. తిరిగి చూస్తే ఊరేగింపు ఆగిపోయి ఉంది. పెళ్ళికూతురి కారుకి సరిగ్గా వెనక కారు, చుట్టాల కార్లన్నిటికంటే ముందుది, దాని అద్దం దించి ఉంది. లోపల ఆ ముసలావిడ. "ఈ పిల్ల ఊరు వదిలి వెళ్ళిపోయిందని నాకు చెప్పారే" అంది పక్కనున్న దొరగారితో. తర్వాత నాతో, "ఎక్కమ్మా, నువ్వు ఆరోజు కథ సగంలో ఆపేశావు" అంది.

ఆయా కాదు అత్తయ్యా. దొరగారి మేనత్త. పెళ్ళై సముద్రం దాటి వెళ్ళి అరవై ఏళ్ళైందట, మళ్ళీ ఈ గేటు దాటడం ఇదే మొదటిసారి. మొదటి గుంపులో టోపీలెక్కువయ్యాయని, తన అద్దెకారు డ్రైవరు రమ్మంటే మా గుంపులోకి వచ్చేసిందట.

చేపల హాలు నిండా అతిథులు, రెండొందలమందికి తక్కువ ఉండరు. నేలమీద ఈ చివరనుంచి ఆ చివరికి ఎర్ర తివాచీ. నా కాళ్ళకి బజారు చెప్పులు. ఆమె నా చెయ్యి వదల్లేదు. హాలు మధ్య నిలబడి కొలబద్దని పిలిచి ఫలకం చదవమంది. చదివాడు. "ఇప్పుడు ఆ తివాచీ తియ్యి" అంది. అతిథులు నిలబడి ఉన్నారండీ అన్నాడు. "మొన్న నువ్వు బయటికి నడవమంటే నేను నడిచానుగా. ఇవాళ నేను చెప్తున్నాను, నువ్వు చుట్టు" అంది.  ఆయన వంగి చుట్టడం మొదలుపెట్టాడు. గుమ్మం దగ్గరున్న నా డ్రైవర్లు ఆగలేక వచ్చి తలో చెయ్యీ వేశారు.

చేపలన్నీ బయటపడ్డాయి. ఆమె మూడో కిటికీ దగ్గరికి వెళ్ళి, కర్ర పెళ్ళికూతురి చేతికిచ్చి, ఎవరు వద్దంటున్నా వినకుండా నేలమీద కూర్చుంది. కూర్చుని చెప్పింది. ఒక్క మాట వదలకుండా రాస్తున్నాను.

"నాకప్పుడు ఏడేళ్ళు. పనివాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దని మా నాన్న అనేవాడు, నేను రోజూ వెళ్ళేదాన్ని. ఆవిడ నన్ను పొమ్మనలేదు, ముద్దూ చెయ్యలేదు, పని చెప్పింది. రాళ్ళు రంగులవారీగా ఏరిపెట్టమంది. ఒకరోజు, ఈ చేప కన్ను నువ్వు పెట్టు అంది. నల్లవి గిన్నెడున్నాయి. నేను ఎర్రది తీశాను. తిడుతుందనుకున్నాను. దీనికి ఇదే బాగుంది అని సున్నం మెత్తి ఇచ్చింది. నాన్నకి తెలిస్తే ఆవిడ పని పోతుందని నోరు మూసుకున్నాను. తర్వాత మూసుకోవడం అలవాటైపోయింది. ఈ నేల పరిచింది రాళ్ళమ్మ. నేను చూశాను. ఈ ఇంటి ఆడపిల్లని, నేను చెప్తున్నాను."

అత్తయ్యా, పతకాలాయన కూడా మెలకువగానే ఉన్నాడు.

తర్వాత ఆమె నా వైపు చూసి, మిగతాది నువ్వు చెప్పు అంది. చెప్పాను. రెండొందలమందిని వెంటేసుకుని హాలంతా వెనక్కి నడుస్తూ, తాతయ్య పరంజా మీంచి పడిన చోటు, సున్నం కలిపిన చోటు, ఆమె మోకాళ్ళ కింద మడిచి పెట్టుకున్న గోనెపట్టా సంగతి, నువ్వు చెప్పినవన్నీ చెప్పాను. ఎవరి నిమిషాలూ లెక్కపెట్టలేదు. మాటల్లేని అన్నదమ్ములు చేపలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, నూట ముప్పై తొమ్మిదా, నూట నలభయ్యా అని ఇద్దరూ వాదించుకున్నారు. పెళ్ళికూతురు చెప్పులు విడిచి ఎర్రకంటి చేప పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది, నన్ను కూడా నిలబెట్టింది. చివర్లో చప్పట్లు కొడితే ఆ హాలు ఎలా మోగుతుందో నువ్వు వినాల్సింది. మేం వసారాలోకి వెళ్తుంటే తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డది కొలబద్దే.

దొరగారు తన చేత్తో బిళ్ళ తెచ్చి ఇచ్చారు. ఇంక ట్రయలు లేదన్నారు. ఇంకేం కావాలో అడగమన్నారు. నాకు ఆలోచించే పని లేకపోయింది. "మా అత్తయ్య చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. అది కావాలి" అన్నాను. ఆయనకి ఆ సంగతే తెలియదు. కొలబద్దని చూశారు. కొలబద్ద బీరువా తాళాలు వెతుక్కుంటూ వెళ్ళాడు. తెచ్చి నా చేతికిచ్చాడు. నేను చించలేదు. చించాల్సింది నేను కాదు.

ఇప్పుడు విప్పు.

నువ్వు ఆలోచించుకోమన్నావు కదా. ఆలోచించేదేం లేదు. నాకోసం నువ్వు పెట్టిన సంతకం అది. నాకు నీమీద కోపం లేదు, ఉన్నదంతా గర్వమే.

నీ మేనకోడలు

*

మీ బాబాయి ఇల్లు,
శుక్రవారం.

నా తల్లీ,

రెండు నెలలుగా జవాబు రాయలేదని మూడు ఉత్తరాల్లో తిట్టావు. ఎన్నిసార్లు కూర్చున్నానో. "నా తల్లీ" అని రాసేసరికి కళ్ళు నిండిపోయి కలం పక్కన పెట్టేసేదాన్ని. ఇవాళ మీ పిన్ని తలుపు గొళ్ళెం పెట్టి, రాసేదాకా తియ్యనంది.

ఆ కాగితం వచ్చిన రోజే మీ బాబాయినీ పిన్నినీ కూర్చోబెట్టి పైకి చదివాను. కింద నా సంతకం కూడా చూపించాను. తర్వాత ముక్కలు ముక్కలు చేశాను. మీ బాబాయి లేచి వెళ్ళి మా నాయనమ్మ ఫోటో తుడిచి వచ్చాడు. నాలుగేళ్ళుగా గుండెల మీదున్న బరువు దిగింది. ఆ రోజు ఆకలి వేసింది నాకు, నిజమైన ఆకలి.

మహలు ఆఫీసునుంచి కూడా ఉత్తరం వచ్చింది. కొత్త ఫలకం మీద చెక్కడానికి రాళ్ళమ్మ అసలు పేరు కావాలట. మీ బాబాయికి తెలియదు, నాకూ తెలియదు. కట్టుకున్నవాడే ఆమెని రాళ్ళమ్మా అని పిలిచేవాడు. అదే అసలు పేరని రాసి పంపాను. ఫలకం పెట్టేశారనీ, పాతదాని పక్కనే దానికంటే ఒక బెత్తెడు పెద్దదిగా పెట్టారనీ నువ్వు రాశావు. ఆ బెత్తెడు ఎవరు చెప్తే పెంచారో ఆ ముసలావిణ్ణి తల్చుకుని నవ్వుకున్నాను.

దొరగారు నన్ను పిలిపించి, హాల్లో సన్మానం చేస్తానని కబురు పెట్టారట. మర్యాదగా వద్దని చెప్పు. నేను వస్తున్నాను, కానీ దానికి కాదు. సోమవారం పొద్దుటి బండికి దిగుతాను. స్టేషనుకి రాకు, ఆ వేళకి నీ గుంపు బయల్దేరుతుంది, గుంపుని వదిలి రాకూడదు. నేనే గేటు దగ్గర అందరితోపాటు వరసలో నిలబడి టికెట్టు కొనుక్కుంటాను. నన్ను చూసి ఆగకు, పలకరించకు, పని కానివ్వు.

మా నాయనమ్మ మాట ఆ హాల్లో ముప్పై ఏళ్ళు నేను చెప్పాను. ఇంకొకళ్ళు చెప్తుంటే ఒక్కసారీ వినలేదు. వినడానికి వస్తున్నాను.

అత్త